వయోలిన్, కబడ్డీ రెండూ నేర్పిస్తామన్న హైస్కూల్: రెండేళ్ల తర్వాత నా రివ్యూ

రెండేళ్లు ఫీజులు కట్టి, రెండేళ్లు ఆ గేటు దగ్గర సాయంత్రాలు నిలబడి, ఒకసారి ప్రిన్సిపాల్ గదిలో గొంతు పెంచి మాట్లాడాక రాస్తున్న రివ్యూ ఇది, కాబట్టి కొంచెం పెద్దగానే ఉంటుంది. హనుమకొండలో ఒక ప్రైవేటు హైస్కూల్. పేరు పెట్టడం లేదు. అక్కడ పనిచేసే ఇద్దరు టీచర్లంటే నాకు చాలా గౌరవం, నా రాత వల్ల వాళ్లకు పైనుంచి మాట రావడం నాకు ఇష్టం లేదు. మ్యాథ్స్, సైన్స్ ఎలా చెప్తారో అందరూ రాస్తూనే ఉన్నారు, నేను దాని జోలికి పోను. ఆ స్కూల్ గేటు మీది ఫ్లెక్సీలో ఒక పక్క వయోలిన్, ఇంకో పక్క కబడ్డీ ఆడుతున్న ఆడపిల్ల బొమ్మ వేసి రెండూ నేర్పిస్తామని రాశారు. ఆ మాట ఎంతవరకు నిజమో చెప్పడమే నా పని.

మా పాప ఎనిమిదో తరగతిలో చేరింది. అంతకుముందు చదివిన స్కూల్లో గ్రౌండే లేదు. డ్రిల్ పీరియడ్ అంటే డాబా మీద ఎండలో నిలబెట్టి చేతులు పైకీ కిందికీ ఊపించడం, అంతే. ఈ పిల్లకేమో చిన్నప్పటి నుంచి రెండు ఇష్టాలు. మా అమ్మ వాళ్ల ఊరు ఐనవోలు దగ్గర. సంక్రాంతికి పోతే మా అన్న కొడుకులతో కలిసి చెడుగుడు ఆడేది, మోకాళ్లు చెక్కుకుపోయినా ఆట ఆపేది కాదు. ఇక భద్రకాళి గుడికి పోయినప్పుడు ఒక సాయంత్రం అక్కడ కచేరీ జరుగుతుంటే, పాడేవాళ్లను వదిలేసి పక్కన కూర్చున్న వయోలిన్ ఆవిడ వేళ్లనే చూస్తూ కూర్చుంది. ఇంటికి వచ్చాక స్కేలు భుజానికి ఆనించుకుని చీపురు పుల్లతో వాయించింది. అప్పటి నుంచి "అమ్మా, నాకు అది కొనియ్యి" అని ఒకటే మాట.

అందుకే అడ్మిషన్ అప్పుడు కౌంటర్‌లో కూర్చున్న అమ్మాయిని రెండు సార్లు అడిగాను, రెండింటిలో చేర్పించవచ్చా అని. "తప్పకుండా మేడం, మా దగ్గర చాలామంది పిల్లలు రెండూ చేస్తారు" అంది. మ్యూజిక్‌కు ఏడాదికి 6,000, స్పోర్ట్స్‌కు 4,500, ట్యూషన్ ఫీజు కాకుండా. వయోలిన్ మనమే తెచ్చుకోవాలి, దానికి 6,500 అయింది. కబడ్డీ బూట్లు వేరే. మాలాంటి వాళ్లకు ఇది చిన్న ఖర్చు కాదు. అయినా ఇష్టపడే కట్టాను.

ముందు బాగున్నదే చెప్తాను, ఎందుకంటే అది నిజంగా బాగుంది.

మ్యూజిక్ మేడం కర్ణాటక పద్ధతిలో నేర్పిస్తారు. సినిమా పాట రెండు లైన్లు వాయించడం నేర్పి తల్లిదండ్రులను సంతోషపెట్టే రకం కాదు. మొదటి నెలంతా కూర్చోవడం, విల్లు పట్టడం, ఖాళీ తీగల మీద నిదానంగా లాగడం, అంతే. కింద బాసింపట్టు వేసుకుని, కుడి కాలు కాస్త ముందుకు చాచి, వయోలిన్ తల భాగాన్ని కుడి చీలమండ దగ్గర ఆనించి కూర్చోవాలి. కొత్తలో పది నిమిషాలకే కాళ్లు తిమ్మిరెక్కేవి. తర్వాత మాయామాళవగౌళ రాగంలో సరళీ వరుసలు, అంటే మొదటి స్వర పాఠాలు, ఒక్కో వరుస మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో. మొదటి కాలంలో శుద్ధంగా రాకపోతే రెండో కాలం ముట్టనివ్వరు. ఒకసారి తలుపు దగ్గర నిలబడి చూశాను. మా పాప "గ" దగ్గర వేలు కాస్త కిందికి పెడుతోంది, స్వరం తగ్గుతోంది. మేడం మాటతో దిద్దలేదు. పక్కన కూర్చుని తను "గ" పాడుతూ అలాగే పట్టుకున్నారు. పాప వేలు ఆ గొంతును వెతుక్కుంటూ వెంట్రుకవాసి జరిగి ఒకచోట ఆగింది. రెండూ కలిసిపోయాయి. ఆ క్షణంలో పాప ముఖం చూస్తే 6,000 ఎప్పుడో వసూలయ్యాయి అనిపించింది నాకు.

పీఈటీ సార్ సంగతి కూడా అంతే. జిల్లా స్థాయిలో ఆడిన మనిషి, మాట కటువు, మనసు మంచిది. ఆడపిల్లల టీమ్‌ను మగపిల్లల టీమ్‌తో సమానంగా చూస్తారు. మ్యాట్ ఒక్కటే ఉంటే వారంలో మూడు రోజులు వీళ్లకు, మూడు రోజులు వాళ్లకు. కూతకు వెళ్లే ముందు ఊపిరి ఎలా తీసుకోవాలో, 30 సెకన్ల రైడ్‌లో కూత తెగకుండా ఎలా నిలబెట్టాలో ప్రతి పిల్లనూ ఎదురుగా నిలబెట్టి నేర్పించారు. మా పాపకు లెఫ్ట్ కార్నర్ ఇచ్చారు. రైడర్ (కూతకు వచ్చిన అవతలి పిల్ల) కాలు ముందుకు రాగానే వంగి చీలమండ అందుకోవడం ఆ స్థానంలో ముఖ్యమైన పని. పిల్ల పొట్టిగా, చురుగ్గా ఉంటుంది, ఆ స్థానం సరిగ్గా అతికినట్టు సరిపోయింది.

మన ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఒక పీఈటీ కన్ను ఎంత పని చేస్తుందో అందరికీ తెలిసిందే. పర్వతగిరి మండలం కల్లెడకు చెందిన జీవాంజి దీప్తి స్కూల్లో పరుగెత్తుతుంటే పీఈటీ గమనించడంతోనే కదా ఆ కథ మొదలైంది. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల టీ20 విభాగంలో (మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్ల విభాగం) 55.82 సెకన్లలో పరుగెత్తి కాంస్యం తెచ్చింది ఆ అమ్మాయి. ఆ రాత్రి మా ఇంట్లో అందరం లేచి కూర్చున్నాం. ఆ చిన్నప్పటి రోజుల్లో గమనించే మనిషి లేకపోతే ఏమయ్యేది అని నేను చాలాసార్లు అనుకుంటాను. అందుకే స్కూల్లో మంచి పీఈటీ, మంచి మ్యూజిక్ టీచర్ ఉన్నారంటే అది నాకు ఏసీ క్లాస్‌రూమ్ కన్నా పెద్ద సంగతి.

మరి ఇబ్బంది ఎక్కడ వచ్చిందంటే, టైమ్‌టేబుల్‌లో.

మ్యూజిక్ క్లాసు మంగళ, గురు, శనివారాలు మూడు ముప్పావు నుంచి నాలుగున్నర వరకు. ఆడపిల్లల కబడ్డీ కూడా మంగళ, గురు, శనివారాలే, అదే మూడు ముప్పావుకు. మిగతా మూడు రోజులు మ్యాట్ మగపిల్లలది, మ్యూజిక్ మేడమేమో ఆ రోజుల్లో ఇంకో బ్రాంచికి పోతారు. అంటే రెండింటికీ ఫీజు తీసుకుని, రెండూ ఒకే నలభై ఐదు నిమిషాల్లో పెట్టారు. చేరిన రెండో వారంలోనే నేను వెళ్లి అడిగాను. ఆఫీసులో చెప్పింది ఏమిటంటే, ఒక రోజు ఇటు, ఒక రోజు అటు పంపండి మేడం, పిల్లలు సర్దుకుంటారు అని.

సర్దుకున్నది నిజమే, పాపం ఆ పిల్లే సర్దుకుంది. మంగళవారం వయోలిన్, గురువారం కబడ్డీ, శనివారం ఎవరు గట్టిగా పిలిస్తే అటు. మ్యూజిక్ గది గ్రౌండ్‌కు ఆనుకునే ఉంటుంది, ఒకప్పుడు అది ఆట సామాన్లు పెట్టుకునే గది. లోపల శ్రుతి పెట్టె మోగుతుంటే కిటికీలోంచి సార్ విజిల్ వినిపిస్తుంది. "విజిల్ వినగానే నా చెయ్యి ఆగిపోతది అమ్మా, మా వాళ్లు ఎవరో అవుటైనట్టు అనిపిస్తది" అని చెప్పింది ఒక రోజు. గ్రౌండ్‌లో ఉన్నప్పుడేమో అవతల గదిలో తన తోటి పిల్లలు తనకు ఇంకా రాని జంట వరుసలు (సరళీ వరుసల తర్వాతి పాఠాలు) వాయిస్తుంటే అదొక బాధ.

టీచర్లిద్దరూ మంచివాళ్లే, కానీ ఒకరితో ఒకరు మాట్లాడుకునేవాళ్లు కాదు. మేడం పాపతో, ఆ ఆట మానేస్తేనే నీ వేళ్లు నిలబడతాయి అన్నారు. సార్ పాపతో, మ్యాచ్‌లో నిన్ను కాపాడేది వయోలినా అని అడిగారు. పదమూడేళ్ల పిల్ల. ఎవరికీ ఎదురు చెప్పలేదు. ఇంటికి వచ్చి అన్నం తినకుండా పడుకుంది.

ఇక వేలి సంగతి. ఇది రాయడానికి ఇప్పటికీ నాకు బాధగానే ఉంది. మొదటి ఏడాది ఆగస్టులో, మండల స్థాయి ఆటలకు టీమ్ ఎంపిక ఉందని వారమంతా గట్టి ప్రాక్టీసు పెట్టారు. కాలు అందుకునేటప్పుడు ఎడమ చేతి ఉంగరపు వేలు రైడర్ బూటుకు తగిలి వెనక్కి వంగింది. అక్కడే చల్లనీళ్లు పోశారు, ఆట సాగింది, ఇంటికి ఒక ఫోన్ కూడా రాలేదు. వయోలిన్ తీగల మీద నొక్కేది ఎడమ చేతి వేళ్లే కదా. పాప భయపడి ఎవరికీ చెప్పలేదు. మేడంకు చెప్తే ఆట మానమంటారు, సార్‌కు చెప్తే టీమ్‌లోంచి తీసేస్తారు, నాకు చెప్తే రెండూ మాన్పిస్తానని భయం. మూడు రోజులు ఆ వాచిన వేలితోనే వాయించింది. శనివారం రాత్రి గిన్నెలు అందిస్తుంటే స్టీలు గ్లాసు చేతిలోంచి జారింది, అప్పుడు చూశాను నేను. వేలు నడిమి కణుపు దగ్గర ఊదా రంగు.

ఎముకల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే ఎక్స్‌రే తీసి, విరగలేదు, కణుపు పక్కన లిగమెంట్ (కీలును పట్టి ఉంచే కట్టు) సాగింది అన్నారు. పక్క వేలితో కలిపి టేపు వేసి మూడు వారాలు బరువు పెట్టొద్దని చెప్పారు. ఇలా కలిపి టేపు వేయడం ఏ పీఈటీకైనా తెలిసిన పని, మొదటి రోజే చేసి ఉంటే పోయేది. మూడు వారాలు ఆటా లేదు, వయోలినూ లేదు. టీమ్ వెళ్లింది, పాప బెంచీ మీద కూర్చుని నీళ్ల సీసాలు అందించింది. ఆగస్టు 15 ప్రోగ్రామ్‌లో వయోలిన్ పిల్లల వరుసలో తన చోట వేరే అమ్మాయి కూర్చుంది.

అప్పుడు వెళ్లాను ప్రిన్సిపాల్ గదికి. ఏదో ఒకటి చూసుకోండి మేడం, రెండు పడవల మీద కాళ్లు పెడితే ఎట్లా అన్నారు ఆయన. నాకు కోపం వచ్చింది. రెండు పడవలూ మీరే కదా అమ్మింది అన్నాను. 2020 జాతీయ విద్యా విధానంలో కళలు, ఆటలు, చదువు వీటి మధ్య గోడలు ఉండొద్దని రాసి ఉందని మీ బ్రోచర్ రెండో పేజీలోనే వేశారు కదా, మరి టైమ్‌టేబుల్‌లో గోడ ఎందుకు కట్టారు అని అడిగాను. ఆయన మంచిగానే విన్నారు, చూస్తాం అన్నారు. నేను ఆశ పెట్టుకోలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా అక్క వాళ్లు అమెరికాలో డాలస్ దగ్గర ఉంటారు, వాళ్ల అబ్బాయి అక్కడి హైస్కూల్ బ్యాండ్‌లో ట్రంపెట్ వాయిస్తాడు, పరుగు పోటీలకూ పోతాడు. అక్కడ శుక్రవారం రాత్రి స్కూల్ ఫుట్‌బాల్ మ్యాచ్ అంటే ఊరంతా వస్తుందట, ఆట మధ్య విరామంలో మైదానంలో కవాతు చేస్తూ వాయించేది స్కూల్ పిల్లల బ్యాండే. మరి వీడు ఎట్లా నెగ్గుకొస్తున్నాడే అని అక్కను అడిగితే రెండు రూల్స్ చెప్పింది. వాళ్లుండే టెక్సస్ రాష్ట్రంలో ప్రభుత్వ స్కూళ్ల పోటీలు చూసే యూనివర్సిటీ ఇంటర్‌స్కొలాస్టిక్ లీగ్ అనే సంస్థ ఉంది. స్కూల్ నడిచే వారంలో, స్కూల్ టైమ్ బయట ఒక్కోదానికి 8 గంటలు దాటి ప్రాక్టీసు చేయించకూడదని దాని రూల్, ఆటకైనా అంతే, బ్యాండ్‌కైనా అంతే. రెండోది, సబ్జెక్టులో ఫెయిలైతే పోటీలకు పంపరు. ఇది కూడా రెండింటికీ ఒకటే. వాళ్ల స్టేడియాలు, వాళ్ల డబ్బు మనకు లేవు, నిజమే. కానీ పిల్లవాడి గంటలు లెక్కపెట్టడానికి డబ్బెందుకు? ఒక నోటు బుక్కు చాలు. ఈ మాట నా మనసులో ఉండిపోయింది.

అందుకే నవంబర్ పేరెంట్స్ మీటింగ్‌కు ఒక కాగితం మీద మా పాప వారం మొత్తం రాసుకుపోయాను. పొద్దున ఐదున్నరకు లేవడం, ఏడున్నరకు బస్సు, నాలుగున్నర దాకా స్కూల్, ఆరున్నర దాకా స్టడీ అవర్, ఏడుంపావుకు ఇల్లు, హోంవర్క్, పదిన్నరకు వయోలిన్ మూత తీయడం, పదకొండుంపావుకు పడక. నిద్ర ఆరుంపావు గంటలు. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర గురించి చదివిన డాక్టర్లు చెప్తారు. ఈ కాగితాన్ని మ్యూజిక్ మేడం, పీఈటీ సార్ ఇద్దరినీ ఒకేసారి పిలిచి, ఇద్దరి ముందూ టేబుల్ మీద పెట్టాను. ఇద్దరూ ఒకే పిల్ల గురించి కలిసి మాట్లాడటం అదే మొదటిసారి అనుకుంటా. సార్ చాలాసేపు ఆ కాగితం చూసి, "పదిన్నరకు వాయిస్తదా మేడం ఇది?" అన్నారు. మేడం, "వేలు అట్లా ఉందని నాతో ఒక్క మాట చెప్తే వినికిడి పాఠం పెట్టేదాన్ని కదా బిడ్డా" అని పాప తల నిమిరారు. పాప అక్కడే ఏడ్చేసింది.

ఆ తర్వాత జరిగిందంతా వాళ్లిద్దరి గొప్పతనమే, మేనేజ్‌మెంట్‌ది కాదు. స్టాఫ్ రూమ్‌లో గోడకు వేలాడే తెలుగు క్యాలెండర్ ఉంది కదా, తిథులు, వర్జ్యాలు ఉండేది, దాని మీదే సార్ ఎర్ర పెన్నుతో మ్యాచ్‌లు, సెలక్షన్లు చుట్టారు, మేడం పచ్చ పెన్నుతో పరీక్షలు, ప్రోగ్రాములు చుట్టారు. రెండు రంగులూ ఒకే గడిలో పడిన చోట నెల ముందే మాట్లాడుకుని ఒకటి జరిపారు. మొత్తం తొమ్మిది మంది పిల్లలు ఉన్నారట రెండింటిలో. మా పాప ఒక్కతే అనుకున్నాను ఇన్నాళ్లూ.

తొమ్మిదో తరగతికి వచ్చేసరికి ఆ తొమ్మిది మందికి పద్ధతి మారింది. అదే మంగళ, గురువారాల్లో ముందు మ్యూజిక్, తర్వాత నాలుగున్నర నుంచి ఐదుంపావు దాకా గ్రౌండ్, స్టడీ అవర్ వీళ్లకు ఐదున్నర నుంచి. మ్యూజిక్ ముందు ఎందుకంటే, ఆడి వచ్చాక చేతులు వణుకుతాయి, విల్లు నిలవదు. గాత్రం నేర్చుకునే పిల్లలకైతే కూత పెట్టి పెట్టి గొంతు బొంగురుపోయి ఉంటుంది, అప్పుడు పాడిస్తే ఇంకా చెడిపోతుంది. ఇది సార్ చెప్పిన మాటే, మేడం కాదు. మ్యాచ్‌కు రెండు రోజుల ముందు మేడం కొత్త పాఠం ఇవ్వరు. చేత్తో తాళం వేస్తూ వినడం, స్వరాలు నోటితో పాడటం, అంతే. వయోలిన్ పరీక్ష ఉన్న వారం సార్ మా పాపను కార్నర్‌లో నిలబెట్టరు, కాళ్లు పట్టే పని ఇవ్వరు, పరుగులు, కూత ప్రాక్టీసు మాత్రమే. ఎవరికి వేలు నొప్పి ఉన్నా ఇద్దరికీ చెప్పాలి, చెప్పినందుకు టీమ్‌లోంచి తీసేయరు. ఈ ఒక్క హామీ పిల్లల మీద ఎంత పని చేసిందో చెప్పలేను.

ఒకదాని వల్ల ఇంకొకటి చెడుతుందని మనం అనుకుంటాం కానీ నేను దగ్గరుండి చూసింది వేరు. వయోలిన్ నేర్చుకునేవాళ్లు కూడా పాడాలి, మేడం "స" పట్టించి ఎంతసేపు నిలుస్తుందో ఫోన్‌లో చూస్తారు. జూన్‌లో మా పాపకు 11 సెకన్లు. సంక్రాంతి సెలవుల తర్వాత 19. అది కూత వల్ల వచ్చిన ఊపిరి అని మేడమే అన్నారు. అటు సార్ ఏమో, ఈ పిల్లకు లెక్క తెలుసు, రైడర్ అడుగుల వరుస పట్టుకుని మూడో అడుగుకే వంగుతుంది అన్నారు. నాకు ఆట గురించి అంత తెలియదు, కానీ రోజూ ఆది తాళం (ఎనిమిది లెక్కల తాళం) వేసే పిల్లకు అడుగుల లెక్క అంతుపట్టడంలో ఆశ్చర్యం ఏముంది? గోళ్లు కూడా రెంటికీ పొట్టిగా కత్తిరించాల్సిందే, పెరిగితే తీగ మీద వేలు సరిగ్గా ఆనదు, అటు మ్యాట్ మీదికి రానివ్వరు. ఆదివారం పొద్దున అరుగు మీద కూర్చుని గోళ్లు కత్తిరించుకుంటూ ఇప్పుడు రెండింటికీ రెడీ అంటుంది.

మన దగ్గర ఇది కొత్త సంగతి కూడా కాదు. ఐనవోలు మల్లన్న జాతరలో ఒగ్గుడోలు వాళ్లను చూడండి. డోలు నడుముకు కట్టుకుని, వాయిస్తూనే ఎగిరి, వాయిస్తూనే ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి నిలబడతారు, దెబ్బ తప్పదు, కాలు జారదు. వాళ్లను నువ్వు ఆటగాడివా, పాటగాడివా అని ఎవరైనా అడుగుతారా? బతుకమ్మ చుట్టూ గంటసేపు చప్పట్లు కొడుతూ, వంగుతూ లేస్తూ పాడే మన ఆడవాళ్లు కూడా అంతే.

తొమ్మిదో తరగతిలో ఫలితాలు అడుగుతారేమో, చెప్తాను. టీమ్ మండల స్థాయి గెలిచి జిల్లాకు వెళ్లింది, అక్కడ సెమీస్‌లో ఓడింది, మా పాప రెండు మంచి క్యాచ్‌లు పట్టింది. వయోలిన్‌లో అలంకారాలు అయ్యాయి, గీతాలు అయ్యాయి, ఒక స్వరజతి (గీతాల తర్వాత నేర్పే రచన) సగం దాకా వచ్చింది. తోటి పిల్లల కన్నా కొంచెం వెనకే ఉంది, అది దాచను. మార్కులు ఎనిమిదిలో ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి, హిందీలో కొంచెం పెరిగాయి. నిద్ర ఏడున్నర గంటలకు వచ్చింది. వయోలిన్ ఇంట్లో ఎనిమిది గంటలకే తీస్తుంది, ముప్పై నిమిషాలు, అంతకు మించి వద్దని మేడమే చెప్పారు.

స్కూల్ గురించి ఇంకా నాకు నచ్చనివి ఉన్నాయి. గ్రౌండ్‌లో ఫస్ట్ ఎయిడ్ బాక్స్ ఇప్పుడు పెట్టారు కానీ టేపు అయిపోతే మళ్లీ తెచ్చే వాళ్లు లేరు, సార్ సొంత డబ్బులతో కొంటున్నారు. మ్యూజిక్ గదిలో ఒక ఫ్యాను, పద్దెనిమిది మంది పిల్లలు. ఎండాకాలంలో ఒకసారి వయోలిన్ తీగ బిగించే బిరడా వదులైపోయి శ్రుతి నిలవక క్లాసంతా శ్రుతి చేసుకోవడంలోనే పోయింది. వీళ్లు ఇంటికి వచ్చే వేళకు బస్సు లేదు, ఆ తొమ్మిది మంది తల్లిదండ్రులం కలిసి ఆటో మాట్లాడుకున్నాం, నెలకు ఒక్కొక్కరికి 700. కేంద్రం వాళ్లు 2015 నుంచి నడిపే కళా ఉత్సవ్‌లో తొమ్మిది నుంచి పన్నెండో తరగతి పిల్లలకు వాద్య సంగీతం పోటీ ఉంటుంది, దాని గురించి స్కూల్ నుంచి ఒక్క సర్క్యులర్ కూడా ఇంటికి రాలేదు, నాకు వేరే స్కూల్లో పనిచేసే స్నేహితురాలు చెప్తే తెలిసింది. స్పోర్ట్స్ ఫ్లెక్సీ మీద పెట్టే ఖర్చులో పావు వంతు దీని మీద పెడితే సరిపోతుంది.

అన్నింటికన్నా పెద్ద ఫిర్యాదు పదో తరగతి గురించి. టెన్త్‌కు రాగానే ఆటా పాటా రెండూ బంద్ అని మార్చిలోనే మెసేజ్ పెట్టారు. పొద్దున ఆరున్నర నుంచి రాత్రి ఏడు దాకా చదువే. టెన్త్ మెమోలో మాత్రం కళలు, ఆరోగ్య వ్యాయామ విద్య అని కో-కరిక్యులర్ గ్రేడ్లు ఉంటాయి. ఏడాదంతా గ్రౌండ్ ముఖం, శ్రుతి పెట్టె ముఖం చూడని పిల్లలకు ఆ గ్రేడ్లు దేన్ని చూసి వేస్తారో నాకు అర్థం కాదు. పిల్లలు రోజుకు 60 నిమిషాలు ఒళ్లు కదిలించి ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్కను సార్ తన గది తలుపు మీద అంటించి ఉంచారు, పదో తరగతి పిల్లలు ఆ తలుపు ముందు నుంచే స్టడీ అవర్‌కు పోతారు. టెన్త్ ముఖ్యం కాదని నేను అనడం లేదు. నాకూ టెన్షన్ ఉంది, పొద్దున లేస్తే అదే ఆలోచన. కానీ రెండేళ్లు కష్టపడి సంపాదించుకున్న వేళ్లు, ఊపిరి ఒక్క ఏడాది వదిలేస్తే ఎక్కడికి పోతాయో మేడం చెప్పారు, సార్ కూడా చెప్పారు. నేను అడిగింది వారానికి మూడు గంటలు. జనవరి దాకా మూడు గంటలు, ఆ తర్వాత పరీక్షలయ్యే వరకు ఆపుకుంటాం. ఆ తొమ్మిది మందిలో పదికి వచ్చేది ఐదుగురు, ఐదుగురు తల్లిదండ్రులం సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చాం.

మరి చేర్పించాలా వద్దా అని అడిగితే, ఎనిమిది, తొమ్మిదికి చేర్పించండి, ఆ ఇద్దరు టీచర్లు అక్కడ ఉన్నంతవరకు. ఐదుకు నాలుగు స్టార్లు టీచర్లకు, రెండు మేనేజ్‌మెంట్‌కు, కలిపి మూడు ఇస్తున్నాను. ఏ స్కూల్లో చేర్పించినా కౌంటర్‌లో వాళ్లు రెండూ ఉన్నాయని చెప్తే అక్కడితో ఆగకండి, టైమ్‌టేబుల్ కాగితం మీద అడిగి తీసుకోండి, మ్యూజిక్ ఏ గంట, గ్రౌండ్ ఏ గంట అని వేలు పెట్టి చూడండి. వీలైతే ఇద్దరు టీచర్లతోనూ ఒక్కసారి మాట్లాడండి, ఒకరి పేరు ఇంకొకరికి తెలుసో లేదో దాంట్లోనే బయటపడుతుంది. దెబ్బ తగిలితే ఇంటికి ఎవరు ఫోన్ చేస్తారో అడగండి. పదో తరగతిలో ఏమవుతుందో ముందే అడగండి, నేను అడగలేదు.

మా పాప ఈ సెలవుల్లో పొద్దున జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియానికి పోతోంది, 2021లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగిన గ్రౌండ్ అది, నాలుగు రౌండ్లు పరుగెత్తి వస్తుంది. ఎనిమిదింటికి వయోలిన్ తీస్తుంది. స్వరజతి మిగిలిన సగం రోజుకు ఒక చరణం చొప్పున వాయిస్తోంది, రెండో చరణంలో ఒకచోట ఉంగరపు వేలు ఇంకా కాస్త తడబడుతోంది. పదో తరగతి టైమ్‌టేబుల్ జూన్‌లో ఇస్తామన్నారు. మా అర్జీకి ఏం జవాబు వచ్చిందో అప్పుడు ఈ రివ్యూలోనే రాస్తాను, స్టార్లు కూడా అప్పుడే మారుస్తాను.